బొమ్మ బాగుంది, బహుమతి ఎందుకు రాలేదు?

ప్రాంతీయ ఆర్ట్ గ్యాలరీలు ఏటా పెట్టే పోటీలు, వాటి అవార్డులు, సర్కారు ఇచ్చే గుర్తింపుల గురించి తిరుపతి, చిత్తూరు జిల్లాల పాఠకులు రాసిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈ నెల జవాబులు. ఒకే సందేహం చాలామంది అడిగిన చోట ఒక్క ఉత్తరాన్నే వేశాం.

ప్రశ్న: నేను కలంకారీ వేస్తాను. గోడకి వేలాడదీసే గుడ్డ మీద రామ పట్టాభిషేకం వేసి, ఒక గ్యాలరీ వార్షిక పోటీకి ఫొటో పంపితే మొదటి వడపోతలోనే తీసేశారు. చూసినవాళ్లంతా బాగుందనే అన్నారు. లోపం ఎక్కడుందో చెప్పండి.
– ఒక పాఠకురాలు, శ్రీకాళహస్తి

మీరు మాకు పంపిన ఫొటోనే వాళ్లకీ పంపి ఉంటే లోపం గుడ్డలో లేదమ్మా, ఫొటోలో ఉంది. మొదటి వడపోతలో న్యాయనిర్ణేతలు గుడ్డని చూడరు. వరసపెట్టి వందల ఫొటోలు తెర మీద చూస్తారు, ఒక్కోదానికి దక్కేది కొద్ది సెకన్లే. మీ ఫొటోలో గుడ్డ తాడు మీద వేలాడుతూ మధ్యలో జారింది. పైభాగం వెడల్పుగా, కిందిభాగం ఇరుగ్గా కనిపిస్తోంది. బల్బు వెలుతురులో మంజిష్ఠ వేరు ఇచ్చే ఎరుపు ఇటుక రంగయింది. కింద కుర్చీ కాలు కూడా పడింది. పైగా వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపడం వల్ల కలం గీతలు చెదిరి ముద్దయ్యాయి.

మళ్లీ ఇలా తీయండి. గుడ్డని వెనక వైపు నుంచి ఇస్త్రీ చేసి, తెల్ల గుడ్డ చుట్టిన ప్లైవుడ్ పలక మీద పైఅంచునీ పక్క అంచుల్నీ గుండుసూదులతో ముడత లేకుండా పట్టించండి. ఉదయం 9, 11 గంటల మధ్య, ఎండ నేరుగా పడని వరండా చాలు. పక్కనున్న గోడకి ఆకుపచ్చో నీలమో రంగు ఉంటే చోటు మార్చండి, ఆ రంగు గుడ్డ మీదికి దిగుతుంది. ఫోన్‌ని స్టాండుకి బిగించి, లెన్సు సరిగ్గా గుడ్డ మధ్య ఎత్తులో ఉంచాలి. దగ్గర నుంచి తీస్తే అంచులు వంకరపోతాయి కాబట్టి వెనక్కి జరిగి రెండు రెట్ల జూమ్‌లో తీయండి. తెర మీద గడుల గీతలు పెట్టుకుంటే నాలుగు అంచులూ నిటారుగా ఉన్నాయో లేదో తెలుస్తుంది. రంగు వేయని చోట గుడ్డ తెల్లగా వెలిగిపోతుంటే వెలుతురు కాస్త తగ్గించండి. ఫిల్టర్లు, ‘అందంగా మార్చే’ సెట్టింగులు అన్నీ ఆపేయాలి.

అనుమతి ఉంటే మూడు ఫొటోలు పంపండి. ఒకటి నాలుగు అంచులూ కనిపించే పూర్తి బొమ్మ. రెండోది అరచేయంత భాగం దగ్గర నుంచి, కలం ఎక్కడ ఒత్తింది, ఎక్కడ తేలింది తెలిసేలా. మూడోది గుడ్డ వెనక వైపు. వాట్సాప్‌లో పంపక తప్పకపోతే డాక్యుమెంట్‌గా జతచేయండి, అప్పుడు ఫొటో కుదించుకుపోదు.

ఫారంలో ‘కలంకారీ’ అని ఒక్క మాట రాసి వదిలేశారు. ‘నూలు గాడా గుడ్డపై చేతి కలంకారీ, కసిమి, పటిక, మంజిష్ఠ, కరక్కాయ పువ్వు’ అని రాస్తే (గాడా అంటే ముతక నూలు గుడ్డ, కసిమి అంటే బెల్లం, తుప్పు ఇనుము నానబెట్టి చేసే నల్ల సిరా) చదివేవాడికి మీ పని కళ్లకి కడుతుంది. కొలతలు ఎత్తు ముందు, వెడల్పు తర్వాత, సెంటీమీటర్లలో రాయండి. తారుమారైతే వేలాడదీసే గోడ లెక్కే తప్పిపోతుంది.

ఇక బొమ్మ సంగతి. పట్టాభిషేకం న్యాయనిర్ణేతలు వందసార్లు చూసిన ఘట్టం. ఆ ఘట్టం వేయకూడదని కాదు. మీ కూర్పులో మీదైనది ఏమిటో మొదటి చూపుకే అందాలి. మీ గుడ్డలో కింది పట్టీలోని వానర సైన్యం చాలా బాగుంది, పైనున్న పట్టాభిషేకం మాత్రం అచ్చుపటం పోలికలో ఉంది. బొమ్మల కింద రాసిన తెలుగు పంక్తుల్లో రెండు చోట్ల వత్తులు పోయాయి. తెలుగు చదివే న్యాయనిర్ణేత ఒక్కరున్నా అది పంటికింద రాయే.

ప్రశ్న: నా కలంకారీ మీద ‘ఇవి రసాయన రంగులు’ అని ఎవరో అభ్యంతరం పెట్టారట. నేను వాడింది కరక్కాయ, పటిక, మంజిష్ఠే. ఎలా నిరూపించాలి? నిమ్మరసం పరీక్ష పనికొస్తుందా?
– ఏర్పేడు నుంచి ఒక కళాకారుడు

గుడ్డ పూర్తయ్యాక నిరూపణ మొదలుపెడితే కష్టం. పని మొదలైన రోజే అదే తానులోంచి జానెడు ముక్క కత్తిరించి, అసలు గుడ్డతో పాటే నడిపించండి. అదే కరక్కాయ, గేదెపాల తొట్టి, అదే కసిమి, అదే పటిక నీళ్లు, అదే ఉడుకు. ఒక్కో దశ తర్వాత రెండు వేళ్ల వెడల్పు పట్టీ కత్తిరించి, అట్ట మీద అంటించి తేదీ వేయండి. కరక్కాయ పట్టించిన గుడ్డ లేత పసుపు. దాని మీద కసిమి గీత: కలంలో ఉన్నప్పుడు పలచటి గోధుమ నీళ్లలా ఉండి, గుడ్డని తాకిన క్షణంలో నల్లబడేది. తర్వాత పటిక పూసిన ముక్క, దాంట్లో రంగే కనపడదు. ఉడికించాక అదే చోట ఎరుపు. ఈ అట్ట చూసిన తెలిసిన మనిషి ఇక మారు మాట్లాడడు.

నిమ్మరసం పరీక్ష గురించి కూడా అడిగారు. కసిమి నలుపు ఇనుమూ కరక్కాయలోని వగరూ కలిసి పుట్టేది. పులుపు తగిలితే ఆ బంధం విడిపోయి నలుపు వెలుస్తుంది. అచ్చుకి వాడే నల్ల పిగ్మెంట్ అలా వెలవదు. అయితే ఈ పరీక్ష నమూనా ముక్క మీదే చేయాలి. పోటీ గుడ్డ మీద నిమ్మకాయ పిండమని ఏ నిర్వాహకుడైనా అడిగితే నిక్కచ్చిగా కాదనండి.

కొన్నిసార్లు పనిలో జరిగే పొరపాట్లే అనుమానానికి దారితీస్తాయి. నల్ల గీత చుట్టూ పాకిందంటే పాలు పలచనయ్యాయి, లేదా గుడ్డ పూర్తిగా ఆరకుండానే కలం పెట్టారు. పాలలోని కొవ్వే గీతని కట్టడి చేసేది. ఎరుపు మాసిపోయి ఊదా, గోధుమ దిక్కుకి తిరిగితే ఉడికించిన పాత్రనో నీళ్లనో చూడండి. ఇనప పాత్రలోనో, ఇనుము ఎక్కువగా ఉన్న బోరు నీళ్లలోనో ఉడికిస్తే ఎరుపు చచ్చిపోతుంది. రాగి పాత్ర మేలు, స్టీలు పరవాలేదు. బొమ్మ వెనకున్న ఖాళీ గుడ్డంతా గులాబీ రంగు పట్టిందంటే పటిక సరిగా పోలేదు. పటిక పూసిన గుడ్డని కనీసం ఒక రోజు పూర్తిగా ఆరనిచ్చి, పారే నీళ్లలో విప్పి జాడించాలి. అంటని పటిక ఆ ప్రవాహంలో కొట్టుకుపోతుంది. స్వర్ణముఖిలో నీళ్లు లేని నెలల్లో తొట్టిలో జాడించక తప్పదు. అప్పుడు నీళ్లు చాలాసార్లు మార్చండి, గుడ్డని మడతపెట్టి నానబెట్టి మాత్రం వదలొద్దు. వదిలిన పటిక మళ్లీ పక్కచోట్ల అంటుకుంటుంది, ఉడుకులో అక్కడా ఎరుపెక్కుతుంది.

నల్లగీతల వెంబడే గుడ్డ చిరుగుతుంటే కసిమి ఘాటు ఎక్కువైందని అర్థం. ఇనుము నూలుని తినేస్తుంది. నల్లబెల్లం, తాటిబెల్లం, తుప్పు ఇనుము వేసి మూడు వారాల దాకా నానబెట్టే కసిమిని ముందు చిన్న ముక్క మీద రాసి చూసుకునే అలవాటు అందుకే.

నీలం విషయంలో మాత్రం జాగ్రత్త. అంగట్లో దొరికే నీలిమందులో చాలావరకు ఫ్యాక్టరీ సరుకే. అణువు చెట్టు నీలిదీ, ఫ్యాక్టరీదీ ఒక్కటే కనుక గుడ్డ చూసి తేల్చడం కష్టం. అలాంటిది వాడితే ‘నూటికి నూరు సహజం’ అని రాయకండి. ‘నీలం తప్ప మిగతావి సహజ రంగులు’ అని రాస్తే మార్కులు తగ్గవు, రాయకుండా దొరికిపోతే పేరు పోతుంది. శ్రీకాళహస్తి కలంకారీకి 2005-06లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు పెట్టి స్క్రీన్ ప్రింట్ గుడ్డలు అమ్మేవాళ్ల వల్లే మీలాంటివాళ్ల మీద ఈ అనుమానాలు.

ప్రశ్న: నా యాక్రిలిక్ చిత్రం చెన్నై ప్రదర్శనకి ఎంపికైంది. మే నెలలో పంపాలి. ఎలా ప్యాక్ చేయాలి?
– ఒక చిత్రకారుడు, చిత్తూరు

మే నెల అన్నారు కాబట్టి మొదట వేడి సంగతి. యాక్రిలిక్ పొర వేడికి మెత్తబడుతుంది. మూసిన లారీలో బబుల్ షీటు నేరుగా తగిలితే ఆ బుడగల గుర్తులు బొమ్మ మీద అచ్చుపడి ఉండిపోతాయి. బొమ్మకి ఆనుకుని బేకరీల్లో ట్రేలకి వేసే సిలికాన్ పూత కాగితం పెట్టండి. దాని పైన మెత్తటి గుడ్డ, ఆ పైన బబుల్ షీటు బుడగలు బయటికి ఉండేలా. అన్నిటికంటే మేలు, ముఖభాగానికి ఏదీ తగలకుండా చుట్టూ చెక్క పట్టీలు బిగించి, పైన 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ మూత వేయడం. మేకులు కాదు, స్క్రూలే వాడండి. తిరుగు ప్రయాణంలో అదే పెట్టె వాడాలి, మేకులు పీకేవాళ్ల చేతిలో చెక్క చీలుతుంది.

గ్లాసు ఉన్న ఫ్రేమ్ అయితే గ్లాసు తీసి యాక్రిలిక్ షీటు వేయించండి. గ్లాసుకి జరిగే నష్టాన్ని చాలా కొరియర్లు భరించవు. వెనకవైపు పైనుంచి మూడోవంతు కిందికి రెండు పక్కలా డి-రింగులు (‘D’ అక్షరం ఆకారపు లోహపు రింగులు) బిగించి తీగ కట్టండి. పురికొస కట్టిన ఫ్రేములని వేలాడదీసేవాళ్లే పక్కన పెట్టేస్తారు. గుడ్డ బొమ్మలైనా, ఫ్రేము విప్పిన కాన్వాసైనా మడతపెట్టకండి. కనీసం ఆరంగుళాల వ్యాసమున్న గొట్టం మీద చుట్టండి. కాన్వాసు చుట్టేటప్పుడు రంగు బయటి వైపుకే ఉండాలి. లోపలి వైపుకి చుడితే పొర నలిగి పగుళ్లు లేస్తాయి.

చిత్రం వెనక మీ పేరు, శీర్షిక, మాధ్యమం, కొలత, ఏది పైభాగమో సూచించే బాణం గుర్తు ఉండాలి. బాణమేమిటని నవ్వుకోకండి, నైరూప్య చిత్రాలు తలకిందులుగా వేలాడిన సందర్భాలు ఉన్నాయి.

ప్రశ్న: పర్చేజ్ ప్రైజ్, ఆనరబుల్ మెన్షన్, పీపుల్స్ చాయిస్ అంటున్నారు. వీటిలో పెద్దది ఏది?
– పుత్తూరు

పర్చేజ్ ప్రైజ్ వస్తే గ్యాలరీ ఆ డబ్బుకి మీ బొమ్మని తన సొంతం చేసుకుంటుంది, బొమ్మ మీకు తిరిగి రాదు. మీరు ఫారంలో వేసిన ధర కన్నా ఆ ప్రైజు సొమ్ము తక్కువైతే ముందే కాదనొచ్చు. ఒప్పుకున్నాక బేరం ఉండదు. నగదు బహుమతిలో బొమ్మ మీదే. ఆనరబుల్ మెన్షన్‌కి సాధారణంగా డబ్బుండదు, పత్రమే. పీపుల్స్ చాయిస్ అనేది ప్రదర్శన చూడ్డానికి వచ్చినవాళ్ల ఓట్లు, అంటే మీ బంధువులు ఎంతమంది వచ్చారన్నదే చాలాసార్లు.

మా అభిప్రాయం అడిగితే, కఠినమైన వడపోత ఉన్న ప్రదర్శనలో ఎంపిక కావడం, ఊరూపేరూ లేని పోటీలో మొదటి బహుమతి కన్నా బరువైనది. ఎంపికైన కేటలాగు పేజీని భద్రంగా దాచుకోండి.

ప్రశ్న: ఫారంలో ‘ఎంపికైన చిత్రాలపై సర్వహక్కులు నిర్వాహకులవే’ అని ఉంది. సంతకం పెట్టొచ్చా?
– పలమనేరు నుంచి ఒక కాలేజీ విద్యార్థిని

అలాగే పెట్టేయకండి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం బొమ్మ వేసినవాళ్లే మొదటి హక్కుదారు. బొమ్మని అమ్మినా, బహుమతిగా గ్యాలరీకి వెళ్లినా వెళ్లేది ఆ గుడ్డ, ఆ ఫ్రేము మాత్రమే. దాన్ని అచ్చేసి అమ్ముకునే హక్కు మీ దగ్గరే ఉంటుంది. ఆ హక్కు మీ జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. దాన్ని ఇంకొకరికి రాసివ్వాలంటే 19వ సెక్షన్ ప్రకారం రాతపూర్వకంగా, మీ సంతకంతో ఉండాలి. మీరు పెట్టబోయే సంతకం సరిగ్గా అదే కావచ్చు, అందుకే ఈ హెచ్చరిక. ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లకనీ, ఎక్కడికో రాయకపోతే భారతదేశానికనీ చట్టం లెక్కేస్తుంది. హక్కులు రాసిచ్చాక కూడా బొమ్మ కింద మీ పేరు ఉండాలని అడిగే హక్కు, దాన్ని వికృతం చేస్తే అభ్యంతరం చెప్పే హక్కు 57వ సెక్షన్ కింద మీకు మిగిలే ఉంటాయి.

ఆ వాక్యం కొట్టేసి పక్కన ఇలా రాయండి: ‘ఈ పోటీ కేటలాగులోను, ప్రచారంలోను, గ్యాలరీ వెబ్‌సైటులోను నా పేరుతో సహా ఈ చిత్రాన్ని ప్రచురించడానికి మాత్రమే అనుమతి ఇస్తున్నాను. క్యాలెండర్లు, చీరలు, కప్పులు వంటి సరుకు మీద ముద్రించాలంటే విడిగా రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి.’ ఆన్‌లైన్ ఫారంలో కొట్టివేసే వీలుండదు కాబట్టి ఇదే వాక్యం ఈమెయిల్ చేసి, వాళ్ల జవాబు వచ్చాకే ‘అంగీకరిస్తున్నాను’ గడిలో టిక్కు పెట్టండి. మర్యాదగల గ్యాలరీలు దీనికి ఒప్పుకుంటాయి, వాళ్లకి కావలసింది కూడా అంతే.

రెండు మినహాయింపులు గుర్తుంచుకోండి. డబ్బులిచ్చి ఎవరైనా చిత్రమో రూపపటమో వేయించుకుంటే, వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కు వేయించుకున్నవారిదే. జీతానికి పనిచేస్తూ ఆ ఉద్యోగంలో భాగంగా వేసింది యజమానిది. చీరల మీద డిజైన్లు వేసేవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. డిజైన్ల చట్టం కింద నమోదు చేయదగిన డిజైన్‌ని నమోదు చేయించకుండా, మీరో మీ అనుమతితో ఇంకొకరో మిషన్ల మీద 50కి మించి సరుకు తీస్తే ఆ డిజైన్ మీద కాపీరైట్ పోతుంది. 15వ సెక్షన్ ఇది. బహుమతి వచ్చిన మోటిఫ్‌ని స్క్రీన్ ప్రింటుకి ఇచ్చేముందు దీని గురించి ఆలోచించుకోండి.

ప్రశ్న: హస్తకళల జాతీయ అవార్డుకి, పద్మశ్రీకి ఎవరు సిఫారసు చేయాలి? మాకు పెద్దవాళ్లెవరూ తెలియదు.
– శ్రీకాళహస్తి, చంద్రగిరి నుంచి పలువురు

సిఫారసు కన్నా ముందు కాగితాలు. కేంద్ర జౌళి శాఖలోని హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయం 1965 నుంచి జాతీయ అవార్డులు, 2002 నుంచి శిల్పగురు అవార్డులు ఇస్తోంది. జాతీయ అవార్డుకి 30 ఏళ్లు దాటి, కళలో 10 ఏళ్ల అనుభవం ఉండాలి. శిల్పగురుకి 50 ఏళ్లు దాటి, 20 ఏళ్ల అనుభవం. ఏ ఏటి నోటిఫికేషన్ వస్తే ఆ ఏటి నిబంధనలు మరోసారి చదువుకోండి. హస్తకళాకారులకి కేంద్రం ఇచ్చే ‘పెహచాన్’ గుర్తింపు కార్డు లేకపోతే తిరుపతిలోని హస్తకళల సేవా కేంద్రంలో దరఖాస్తు ఇచ్చి ముందు అది తీసుకోండి.

మనవాళ్ల దరఖాస్తులు ఎక్కువగా తన్నేది పేరు దగ్గరే. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, గుర్తింపు కార్డులో ఒక్క పొడి అక్షరం, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు చివర. ఈ మూడూ ఒకేలా ఉండేలా దిద్దించుకోవడానికి నెలలు పడుతుంది, నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడితే గడువు దాటుతుంది. ఇంట్లో నలుగురూ కలిసి చేసే పని అయితే పోటీకి పెట్టే ముక్క ఒక్కరి చేతిది కావాలి. పరిశీలనకి వచ్చినవాళ్లు ‘ఈ మూల ఇప్పుడు వేసి చూపించండి’ అంటే మీ చేయి తడబడకూడదు. ఆ ముక్క తయారీ దశల ఫొటోలు తేదీలతో పెట్టుకోండి. ఫలితం తేలేదాకా దాన్ని అమ్మకూడదు.

చిత్రలేఖనం, శిల్పం, గ్రాఫిక్స్ (అచ్చు చిత్రాలు) వాళ్లకి దారి వేరు. 1954లో ఏర్పడిన కేంద్ర లలితకళా అకాడమీ జాతీయ కళా ప్రదర్శన పెట్టి అవార్డులిస్తుంది. దాని ప్రాంతీయ కేంద్రాల్లో మనకి దగ్గరది చెన్నైలో ఉంది.

పద్మ అవార్డులకి ఎవరైనా ఎవరినైనా ప్రతిపాదించవచ్చు, తమని తామే ప్రతిపాదించుకోవచ్చు కూడా. కేంద్రం అవార్డుల పోర్టల్‌లోనే చేయాలి. గడువు తేదీ ఏటా మారుతుంటుంది. అసలు పని 800 మాటలకి మించని పరిచయం రాయడం. అందులో ‘కళకే జీవితం అంకితం చేశారు’ వంటి వాక్యాలు దండగ. ఏ సంవత్సరం నుంచి, ఎందరికి నేర్పారు, ఏ పద్ధతిని నిలబెట్టారు, ఏ మ్యూజియంలో పని ఉంది, ఇవి రాయాలి. శ్రీకాళహస్తి కలంకారీకి జొన్నలగడ్డ గుర్రప్ప శెట్టిగారు 2008లో, నిమ్మలకుంట తోలుబొమ్మలకి దళవాయి చలపతిరావుగారు 2020లో, ఏటికొప్పాక లక్కబొమ్మలకి సి.వి. రాజుగారు 2023లో పద్మశ్రీకి ఎంపికయ్యారు. వీళ్లలో ఒక్కొక్కరూ పట్టుకున్నది ఒకే కళ, అది కూడా దశాబ్దాల పాటు.

డాక్టర్లు, శాస్త్రవేత్తలు తప్ప మిగతా ప్రభుత్వోద్యోగులు ఉద్యోగంలో ఉండగా పద్మ అవార్డులకి అర్హులు కారు. సర్కారు బడిలో డ్రాయింగ్ మాస్టర్లకి ఇది వర్తిస్తుంది. అలాగే అవార్డు వచ్చాక దాన్ని పేరు ముందో వెనకో బిరుదులా తగిలించుకోకూడదని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. మన ఊళ్లలో పెళ్లిపత్రికలు చూస్తే ఆ తీర్పు ఇంకా చేరినట్టు లేదు.

ప్రశ్న: ‘మీరు అంతర్జాతీయ కళారత్న అవార్డుకి ఎంపికయ్యారు, రిజిస్ట్రేషన్‌కి ఐదువేలు కట్టండి’ అని ఫోన్ వచ్చింది. నమ్మొచ్చా?
– తిరుపతి

మీరు పోటీకి ఏమీ పంపకుండానే ఎంపికయ్యారంటే అది అమ్మకం. నిజమైన పోటీలో ఎంట్రీ ఫీజు ఉండొచ్చు, తప్పులేదు. ఎంపికయ్యాక శాలువాకి, మెమెంటోకి, వేదిక ఖర్చుకి డబ్బడిగితే వదిలేయండి. కట్టేముందు మూడు అడగండి: పోయినసారి న్యాయనిర్ణేతలెవరు, ఎన్ని ఎంట్రీలొస్తే ఎన్ని ఎంపికయ్యాయి, ప్రదర్శన ఎక్కడ ఎన్నాళ్లు జరిగింది. జవాబుకి నీళ్లు నమిలితే మీ ఐదువేలు మిగిలాయి. ఆ డబ్బుకి ఫొటోలో రంగులు సరిచూసుకునే మంచి కలర్ కార్డు, స్టాండు, ప్లైవుడ్ పెట్టె వస్తాయి.

ప్రశ్న: మా సంస్థ తరఫున జిల్లా స్థాయి కళా ప్రదర్శన, అవార్డులు పెట్టాలనుకుంటున్నాం. న్యాయనిర్ణేతలు, మార్కులు, ఏర్పాట్లు ఎలా ఉండాలి?
– తిరుపతిలోని ఒక కళాసంస్థ కార్యదర్శి

కాలంతో మొదలుపెట్టండి. బ్రహ్మోత్సవాల రోజుల్లో బయటి ఊళ్లవాళ్లకి గదులు దొరకవు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమకి గుడ్డ బొమ్మలు బూజు పడతాయి. జనవరి, ఫిబ్రవరి నెలలు అనువు.

సంప్రదాయ కళల్ని, ఆధునిక చిత్రాల్ని ఒకే విభాగంలో పెట్టకండి. పోలిక కుదరక న్యాయనిర్ణేతలు తమకి తెలిసిన వైపే మొగ్గుతారు. తిరుపతి శిల్ప కళాశాల నుంచి రాయి, సుధ (గార) పని వస్తుంది కాబట్టి శిల్పానికి విడిగా ఒక విభాగం, బరువుకి ఒక హద్దు పెట్టండి. నలుగురు మోయలేని విగ్రహం రెండో అంతస్తుకి ఎక్కించాల్సి వస్తే ఆ రోజు అంతా దానికే పోతుంది.

న్యాయనిర్ణేతలు ముగ్గురో ఐదుగురో, బేసి సంఖ్యలో ఉండాలి. వాళ్లలో ఒక్కరైనా ఆ కళ చేతితో చేసేవారు కావాలి. తమ శిష్యుడి బొమ్మ వచ్చినప్పుడు ఆ ఒక్కదానికి తప్పుకోవాలి, తప్పుకున్నట్టు కాగితం మీద రాయాలి. సంతకాల మీద కాగితం పట్టీ అంటించి, నంబర్లతోనే చూపించండి.

మార్కులు కలిపి సగటు తీసే పద్ధతిలో ఒక గొయ్యి ఉంది. ఒక న్యాయనిర్ణేత అన్నిటికీ 70, 75 మధ్యే వేస్తాడు. ఇంకొకరు 30 నుంచి 90 దాకా వేస్తారు. కలిపితే రెండోవాళ్ల ఇష్టమే ఫలితమవుతుంది, మొదటివాడు ఉన్నా లేనట్టే. పైగా సగటు ఎప్పుడూ ఎవరికీ అభ్యంతరం లేని బొమ్మనే పైకి తెస్తుంది. అందుకని మొదటి విడతలో ‘ఉంచు’, ‘తీసెయ్’, ‘చూద్దాం’ అని మూడే చీట్లు. ఒక్కరు గట్టిగా ‘ఉంచు’ అన్నదాన్ని రెండో విడతకి పంపండి. రెండో విడతలో ఒక్కొక్కరు విడివిడిగా ఒకటి నుంచి పది దాకా వరసక్రమం రాయాలి. ఆ వరసలు కలిపాక మొదటి ఐదు బొమ్మల ముందు అందరూ నిలబడి మాట్లాడుకోవాలి. మాట్లాడేటప్పుడు వయసులో చిన్నవాళ్లు ముందు చెప్పేలా చూడండి. పెద్దాయన ముందే నోరు విప్పితే మిగతావాళ్లు తల ఊపేస్తారు, మన దగ్గర ఇది మరీ ఎక్కువ.

వేలాడదీసేటప్పుడు బొమ్మ మధ్యభాగం నేల నుంచి సుమారు 150 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. పొడవైన కలంకారీ గుడ్డలకి ఇది కుదరదు, వాటి కింది అంచు నేలకి అడుగైనా పైన ఉంటే చాలు. గుడ్డలోంచి మేకులు దించకండి. వెనక పైఅంచున గొట్టంలా పట్టీ కుట్టించి అందులో కర్ర దూర్చండి. వెలుతురు సహజ రంగుల గుడ్డల మీద 50 లక్స్ (వెలుతురు కొలత) మించకూడదు, తైలవర్ణ చిత్రాలకి 200 దాకా పరవాలేదు. కలంకారీలో ముందుగా వెలిసేది పసుపు. అది పోతే ఆకుపచ్చ చెట్లన్నీ నీలంగా మారతాయి, పాత గుడ్డల్లో ఇది కనిపిస్తుంది. కిటికీ ఎదురుగోడ ఖాళీగా వదిలేయండి.

సర్టిఫికెట్ మీద విభాగం, బొమ్మ శీర్షిక, మాధ్యమం, సంవత్సరం, న్యాయనిర్ణేతల పేర్లు ఉండాలి. ‘పాల్గొన్నందుకు’ అని మాత్రమే ఉన్న పత్రం పదేళ్ల తర్వాత ఏ దరఖాస్తుకీ పనికిరాదు. బహుమతి సొమ్ము వేదిక మీదే ఇవ్వండి. ‘తర్వాత ఖాతాలో వేస్తాం’ అన్న పోటీకి మరుసటి ఏడాది మంచి కళాకారులు రారు.

ప్రశ్న: మాధవమాల దగ్గర మాది కొయ్యబొమ్మల పని. ఎర్రచందనంతో చెక్కిన వేంకటేశ్వరస్వామి విగ్రహాన్ని విదేశీ పోటీకి పంపొచ్చా?

ఫొటోలు పంపండి, విగ్రహాన్ని అప్పుడే పంపకండి. అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ రెండో అనుబంధంలో ఎర్రచందనం ఉంది. చెక్కిన బొమ్మైనా అనుమతి పత్రాలు లేకుండా దేశం దాటదు, కస్టమ్స్‌లో ఆగితే సరుకుతో పాటు మీరూ ఇరుక్కుంటారు. దుంగ ఎక్కడ కొన్నారో అటవీ శాఖ రసీదుతో చూపించగలిగితేనే అనుమతి మాట. పోటీవాళ్లు ఫొటో వడపోతలో ఎంపిక చేశాక వాళ్ల ఆహ్వాన పత్రంతో దరఖాస్తు చేయండి, అందుకు నెలలు పట్టొచ్చని వాళ్లకి ముందే రాయండి. అంత సమయం లేదంటే అదే విగ్రహాన్ని టేకులో చెక్కి పంపడం సులువు. ఏ కొయ్యయినా పచ్చి ఆరని దుంగతో చెక్కితే, చలిదేశంలో హీటర్లు పెట్టిన హాల్లో తేమ ఆరిపోయి కిరీటం నుంచి కిందికి పగులుతుంది. నీడలో బాగా ఆరిన కొయ్యే వాడండి, పీఠం అడుగు నుంచి లోపల కొంత తొలిచి వదిలితే పగులు ముఖం మీదికి రాదు.